జైసల్మేర్ నుంచి ఒక్కరోజు కారు ప్రయాణం

ప్రశ్న: డిసెంబరులో జైసల్మేర్ వెళ్తున్నాం. అద్దె కారుంది, ఒక్కరోజే తీరిక. ఎక్కడెక్కడ ఆగాలి? కారు ఇసుకలోకి దింపవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రామ్‌గఢ్ మీదుగా తనోట్, అక్కణ్ణుంచి లోంగేవాలా, తిరిగి జైసల్మేర్. మొత్తం సుమారు 270 కిలోమీటర్లు. ఉదయం ఏడింటికే బయల్దేరండి. ట్యాంకు జైసల్మేర్‌లోనే నింపుకోండి, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. దారిలో సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే ఫోనులోకి దించుకోవాలి.

తనోట్ మాత గుడిని సరిహద్దు భద్రతా దళం చూసుకుంటుంది. 1965 యుద్ధంలో పడి పేలని గుండ్లు అక్కడ చూడొచ్చు. లోంగేవాలాలో 1971 డిసెంబరు నాటి యుద్ధ ట్యాంకులున్నాయి, గంటసేపైనా ఉండండి. సమ్ ఇసుక తిన్నెలు వేరే దారి. అదీ ఇదే రోజులో ఇరికిస్తే ఏదీ సరిగా చూడలేరు.

మామూలు కారును ఇసుకలోకి దింపొద్దు. పొరపాటున కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కకండి. చక్రం తిరిగిన కొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది. టైర్ల ముందు ఇసుక తీసి, గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, కాళ్ల కింది మ్యాట్లు పరిచి, రెండో గేరులో మెల్లగా లాగండి. తారు రోడ్డెక్కాక మళ్లీ గాలి నింపేదాకా నెమ్మదిగానే నడపాలి. అందుకే గాలి పంపు వెంట ఉండాలి.

చీకటి పడకముందే తిరిగి రండి. రాత్రి రోడ్డు మీద ఒంటెలు కనబడవు.