ఎం.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్ తర్వాత జె.ఆర్.ఎఫ్. డబ్బుతో హైదరాబాదులో గడుస్తుందా?

మాదాపూర్‌లో ఉద్యోగం దాదాపు ఖాయమైంది, మనసు మాత్రం పీహెచ్.డీ. మీద ఉంది, పరిశోధన చేసేవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే జె.ఆర్.ఎఫ్.ను (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నమ్ముకోవచ్చా అని అడిగారు. నమ్ముకోవచ్చు. ఒకటో తేదీకల్లా ఖాతాలో పడుతుందని మాత్రం అనుకోకండి.

ముందు నా తెలివితక్కువతనం చెబుతాను. జె.ఆర్.ఎఫ్. కావాలంటే ‘నెట్ రాయి’ (జాతీయ అర్హత పరీక్ష) అని సీనియర్ అనగానే కోఠి వెళ్లి పాత పుస్తకాల దుకాణంలో సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) నెట్ గణితం పుస్తకాలు కొనుక్కొచ్చాను. నాలుగు నెలలు రియల్ అనాలిసిస్‌తో కుస్తీ పట్టాక తెలిసింది, అందులో కంప్యూటర్ సైన్స్‌కు పేపరే లేదని! భౌతిక, రసాయన, జీవ, భూవిజ్ఞానాలు, గణితం, అంతే. మన సబ్జెక్టు ఉన్నది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నెట్‌లో. మొదటి పేపరు 100 మార్కులు, రెండోది 200. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకండి. బోధన, తర్కం ఉండే మొదటి పేపరును మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. నేనూ చూశాను, ఫలితంగా తొలిసారి లెక్చరర్ అర్హతతో సరిపెట్టుకున్నాను, జె.ఆర్.ఎఫ్. రెండోసారికి గానీ రాలేదు.

2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, పనితీరు చూసి ఎస్.ఆర్.ఎఫ్. (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఇచ్చాక 42,000. హాస్టల్ దొరకకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. నేను చేరినప్పుడు 31,000 ఉండేది. విద్యానగర్‌లో ఇద్దరం ఒక గదిలో ఉండి, మెస్సులో తిని, ఇంటికి కూడా కొంత పంపేవాణ్ని.

చిక్కల్లా ఆ డబ్బు చేతికి రావడంలో ఉంది. మనం పనిలో ఉన్నామని సంస్థ ప్రతినెలా పోర్టల్‌లో ధ్రువీకరిస్తేనే డబ్బు కదులుతుంది. నేను చేరిన చోట ఆ పని చూసే గుమాస్తా సెలవులో వెళితే, నాలుగు నెలలు గది యజమానురాలికి ముఖం చాటేసి తిరిగాను. తర్వాత నాలుగు నెలలదీ ఒకేసారి పడింది. అప్పులు తీరాక మిగిలింది చూసి నవ్వొచ్చింది. చేరేముందు కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి.

ఇంకొకటి, జె.ఆర్.ఎఫ్. వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయమైనా, మరొకటైనా, ఇంటర్వ్యూ దాటాలి, గైడు ఒప్పుకోవాలి. గేట్ (ఇంజినీరింగ్, సైన్స్ పై చదువులకు జాతీయ పరీక్ష) కూడా రాసి ఉంచండి. కందిలోని ఐఐటీ వంటి చోట్ల ఆ స్కోరుతో చేరితే ఫెలోషిప్ సంస్థ నుంచే అందుతుంది. 2018లో మొదలైన ప్రధానమంత్రి ఫెలోషిప్‌లో మొదటి రెండేళ్లు నెలకు 70,000 ఇచ్చేవారు, కానీ వడపోత చాలా గట్టిది. దాన్ని లెక్కలో వేసుకుని ఉద్యోగం వదులుకోవద్దు.

గైడును కలవడానికి వెళ్లినప్పుడు మీరు ఆయన గదిలో ఎంతసేపు కూర్చుంటారో, క్యాంటీన్‌లో ఆయన విద్యార్థులతో అంతసేపూ కూర్చోండి. ‘పోయిన నెల ఫెలోషిప్ పడిందా?’ అని వాళ్లనే అడగండి.