ఒక్క డెక్కే కదా, మళ్ళీ భాగించడం ఎందుకు?

ప్రశ్న: మాస్టారూ, మేం శాక్రమెంటోలో ఉంటాం. నెవాడాలోని రీనో వెళ్ళినప్పుడు కాసినోలో సరదాకి బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడతాను. పడిన ముక్కల్ని బట్టి మిగిలినవాటిని అంచనా వేసే హై-లో పద్ధతిలో కౌంట్ చెయ్యడం వచ్చేసింది. రన్నింగ్ కౌంట్‌ని డెక్కులతో (52 ముక్కల కట్టలతో) భాగిస్తే ట్రూ కౌంట్ అంటున్నారు. నేనాడేది ఒక్క డెక్కు ఆట. ఒకటితో భాగిస్తే అదే సంఖ్య వస్తుంది కదా? ఫోన్‌లో లెక్క వేసుకోవచ్చా?

జవాబు: భాగించాల్సింది ఆట మొదలెట్టిన డెక్కుతో కాదండీ, మిగిలిన డెక్కుతో. నాలుగు ముక్కలు పడ్డాయంటే అక్కడున్నది ఒక డెక్కు కాదు, అంతకన్నా తక్కువ. ఒకటికన్నా చిన్న సంఖ్యతో భాగిస్తే జవాబు పెరుగుతుంది. మా క్లాసులో పిల్లలు కూడా ఇక్కడే తడబడేవాళ్ళు.

హై-లో తెలియనివాళ్ళ కోసం: 2 నుంచి 6 దాకా ఏది పడినా ఒకటి కలపాలి. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తియ్యాలి. 7, 8, 9 లెక్కలోకి రావు. అలా వచ్చే మొత్తమే రన్నింగ్ కౌంట్. అది పెరిగితే మిగిలినవాటిలో పెద్దవి ఎక్కువన్నమాట, అది మీకు కలిసొస్తుంది.

ఇప్పుడు 13 ముక్కలు పడ్డాయనుకోండి. చిన్నవి 7, పెద్దవి 4, మధ్యవి 2. రన్నింగ్ కౌంట్ 3. మిగిలిన 39 ముక్కల్లో పెద్దవి 16, చిన్నవి 13. అది ముప్పావు డెక్కు కాబట్టి 3ని 0.75తో భాగిస్తే ట్రూ కౌంట్ 4. అదే 3 సగం డెక్కు అయ్యాక ఉంటే 6. ఆరు డెక్కుల ఆటలో ఒక డెక్కు పోయాక ఉంటే 0.6, పట్టించుకోనక్కర్లేదు. టేబుల్ దగ్గర భాగహారం దేనికి? పావు డెక్కు పోతే మూడోవంతు కలపండి, సగం పోతే రెట్టింపు చెయ్యండి. ఆ పైకి సాధారణంగా ఎక్కువ పోనివ్వరు, డీలరు ముక్కలు కలిపేస్తాడు.

ఇంకో సంగతి. మిగిలినవి అంటే మీరు చూడనివన్నీ. ఒక్క డెక్కు ఆటలో ఆటగాళ్ళు ముక్కలు బోర్లా పట్టుకుంటారు. పక్కాయన చేతిలోవి, డీలరు మూసి ఉంచింది కూడా మీ లెక్కకి మిగిలినవే.

అయితే ఈ లెక్కంతా చేసే ముందు టేబుల్ మీద రాసింది చదవండి. బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలే ఆసూ, పదో బొమ్మో) పడితే 3:2 లెక్కన, అంటే 2 డాలర్లకి 3 ఇస్తామని ఉంటే 100 డాలర్ల పందేనికి 150 వస్తుంది. 6:5 అని, అంటే 5 డాలర్లకి 6 అని ఉంటే 120. ఒక్క డెక్కులో బ్లాక్‌జాక్ సుమారు 21 చేతులకి ఒకసారి పడుతుంది కాబట్టి, ఆ 30 డాలర్ల కోత మొత్తం పందేల మీద 1.4 శాతం దాకా తేలుతుంది. ట్రూ కౌంట్ ఒకటి పెరిగితే మీకు కలిసొచ్చేది అర శాతమే. అలాంటి టేబుల్ దగ్గర నేనైతే కూర్చోను.

ఫోన్ మాత్రం తియ్యకండి. నెవాడాలో పరికరంతో కౌంట్ చెయ్యడం 1985 నుంచి నేరం. తలలో చేసుకుంటే నేరం కాదు, కానీ కనిపెడితే లేచి వెళ్ళమంటారు.