క్లినిక్‌లో చోటు దొరక్కపోతే పశువుల దగ్గర మొదలుపెట్టండి

అనుభవం లేదని క్లినిక్‌లన్నీ తిప్పి పంపుతున్నాయి, మరి వెటర్నరీ కోర్సుకి దరఖాస్తు ఎలా అని అడిగారు కదా. క్లినిక్‌తోనే మొదలుపెట్టాలని లేదండీ. ముందు జంతు సంరక్షణ కేంద్రంలోనో, పాడి పశువుల దగ్గరో చేరండి. పేడ ఎత్తడం, మేత వేయడం, తొట్లు కడగడం చిన్న పనులేం కావు. నెమరు వేయని ఆవును, చెవులు వెనక్కి వాల్చిన గుర్రాన్ని చూడగానే ఏదో తేడాగా ఉందని పసిగట్టే కన్ను అక్కడే వస్తుంది. అక్కడికి వచ్చే డాక్టరుగారితో పరిచయం పెంచుకుని, వారి వెంట ఉండి కేసులు చూస్తానని అడగండి. డాక్టరు పర్యవేక్షణలో గడిపిన గంటల్ని కొన్ని కళాశాలలు విడిగా లెక్కిస్తాయి. తేదీ, గంటలు, చూసిన కేసు ఏ రోజుకారోజు రాసుకోండి. అన్నట్టు, పనిలో చేరకముందే రేబిస్ టీకా గురించి వైద్యుణ్ని కలవండి, అది మాత్రం వాయిదా వేయొద్దు.