బడి వంట మొదలుపెడుతున్న సరోజకు

చిరంజీవి సరోజకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ డ్వాక్రా సంఘానికి బడి వంట ఏజెన్సీ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. వంట నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేను సరుకు గురించి రాస్తున్నాను. పిల్లల కంచంలో ఏం పడుతుందో సగం కిరాణా కొట్టు దగ్గరే తేలిపోతుంది.

బియ్యం, గుడ్లు, చిక్కీలు ప్రభుత్వం పంపుతుంది. పప్పు, నూనె, కూరగాయలు, ఉప్పు, చింతపండు మీరే కొనాలి. బిల్లులు ఒక్కోసారి నెలల తరబడి రావు. అందాకా కొట్టులో ఖాతా నడుస్తుంది. చిక్కంతా అక్కడే. బాకీ ఉన్నవాళ్లకు సరుకు వెనక్కివ్వడానికి నోరు రాదు. ముక్కిన కందిపప్పు తూచినా సంచీలో వేసుకుని వచ్చేస్తారు. అందుకని సంఘం పొదుపులోంచి ఒక నెల పప్పు, నూనెలకు సరిపడా డబ్బు ముందే పక్కన పెట్టించు. ఆ రెండూ నగదుకే కొను. ఖాతా తప్పకపోతే కూరగాయలకు పెట్టుకో; వాటి మంచిచెడ్డలు కంటికి తెలుస్తాయి.

ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు అదే వరుసలో 150, 30, 75, 7.5. ధరలు పెరిగిన నెలలో ముందు తగ్గేది పప్పే. 60 మంది చిన్నపిల్లలుంటే 1,200 గ్రాములు పడాల్సిందే. నీళ్ల సాంబారుతో వాళ్లకు అందాల్సిన 12 గ్రాముల మాంసకృత్తులు అందవు. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న భోజనం ఇది. కోనసీమలోని లంకల గన్నవరంలో వచ్చినవాళ్లందరికీ ఆవిడ అన్నం పెట్టారు. ఆ పేరు మీద పలచటి పప్పు వడ్డిస్తే నా మనసు ఒప్పుకోదు.

నూనె విడిగా కొనొద్దు. సీలున్న ప్యాకెట్టు, దాని మీద ప్రభుత్వ నాణ్యతా ముద్ర అగ్‌మార్క్ గుర్తు చూసుకో. 2013 జులైలో బిహార్‌లోని గండామన్ బడిలో 23 మంది పిల్లలు మధ్యాహ్న భోజనం తిని చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పొలం మందు డబ్బా ఎంత కడిగినా వంటగది గడప దాటి లోపలికి రాకూడదు.

కొన్ని బస్తాల బియ్యంలో అక్కడక్కడా రంగు తేడాగా, నీళ్లలో తేలే గింజలు కనిపించవచ్చు. ప్లాస్టిక్ బియ్యమని మీవాళ్లు ఏరి పారేస్తారు, జాగ్రత్త. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి చేసిన గింజలవి. వందకు ఒకటి చొప్పున కలుపుతారు. ఏరనివ్వకు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టు.

గుడ్ల బండి రాగానే సంతకం పెట్టేయకు. ప్రతి ట్రేలోంచీ కొన్ని తీసి నీళ్లలో వేయి. తేలినవీ పగిలినవీ లెక్కపెట్టి, హెడ్మాస్టర్ గారి ఎదుటే రిజిస్టర్‌లో రాయించు. డ్రైవరు తొందరపెడతాడు, పెట్టనీ.

వడ్డించే ముందు టీచరు ఒకరు రుచి చూడాలని బడి వంటశాలలకు కేంద్రం 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. తీరిక లేదంటే గిన్నె పట్టుకుని తరగతి దగ్గరికే వెళ్లి, రుచి చూపించి సంతకం పెట్టించుకో. రేపు ఏదైనా మాట వస్తే నీకు అండగా ఉండేది ఆ సంతకమే.

బిల్లు పెట్టే ముందు ప్రతి నెలా హాజరుతో సరిచూసుకో. జిరాక్సు ఒకటి ఇంట్లో దాచు.

ఇట్లు
పెద్దమ్మ