‘మన సింహం’ అని రాసే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆర్విడ్ లిండ్‌బ్లాడ్ మీద రాసి నువ్వు వాట్సాప్‌లో పంపిన వార్త కాపీ రెండుసార్లు చదివాను. మొదటిసారి మురిసిపోతూ చదివాను, ఇంట్లో ఇంకొకరు స్పోర్ట్స్ డెస్క్‌లో కూర్చున్నారు కదా అని. రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను. పేచీ అక్కడే వచ్చింది.

‘ఎఫ్1 ట్రాక్‌పై మన సింహం’ అని హెడ్డింగ్ పెట్టావు. ఈ 2026 సీజన్‌లో ఎఫ్1 (ఫార్ములా వన్ కార్ల రేసులు)లోకి కొత్తగా వస్తున్న లిండ్‌బ్లాడ్ బ్రిటన్ కుర్రాడు. తండ్రి స్వీడన్ ఆయన, తల్లి వైపు భారతీయ మూలాలు. ఆ సంగతి కాపీలో తప్పకుండా రాయి, మన పాఠకుడు దాని దగ్గరే ఆగుతాడు. హెడ్డింగ్‌లోకి మాత్రం ఎక్కించకు. ఇంకా ఒక్క గ్రాండ్‌ప్రి కూడా పూర్తిచేయని 18 ఏళ్లవాణ్ని నువ్వు సింహాన్ని చేస్తే, వాడు మూడు రేసుల్లో వెనకబడగానే మీ డెస్క్‌లోనే ఎవరో పిల్లి అని పెడతారు. ప్రాస కుదిరితే మనవాళ్లు ఆగుతారా?

ఇదంతా చెప్పడానికి నాకేం అర్హత ఉందంటావా? ఆ తప్పు నేనే చేశాను. 2005 జూన్ 19, ఆదివారం. ఇండియానాపొలిస్‌లో అమెరికా గ్రాండ్‌ప్రి. ఆ ఏడాదే నరేన్ కార్తికేయన్ జోర్డాన్ జట్టులో చేరాడు, ఎఫ్1లో మొదటి భారతీయుడు. మిషెలిన్ టైర్లు అక్కడి ఏటవాలు మలుపుని తట్టుకోవని తేలడంతో ఏడు జట్ల 14 కార్లు ఫార్మేషన్ ల్యాప్ (రేసు మొదలయ్యే ముందు తిరిగే చుట్టు) తిరిగి నేరుగా పిట్స్‌లోకి, అంటే జట్ల షెడ్ల దగ్గరికి, వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే మిగిలాయి. నరేన్‌కి నాలుగో స్థానం, 5 పాయింట్లు. మనకేమో అర్ధరాత్రి దాటింది, పేజీ వదలాలి. నాలుగు కాలమ్‌లు పరిచేశాను. ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో, చరిత్ర, రెండో పేరాలో నరేన్ ఊరు కోయంబత్తూరు, ఆరు కార్ల ముచ్చట ఆఖరి పేరాలో. చోటు చాల్లేదు. పేజీ పెట్టే అబ్బాయి అలవాటు కొద్దీ కింది నుంచి కోశాడు. పొద్దున పేపర్లో నరేన్ ఉన్నాడు, ఆరు కార్ల మాట లేదు.

మధ్యాహ్నం ఒక పాఠకుడు ఫోన్ చేశాడు. ‘‘ఏమండీ, ఫలితాల్లో ఆరుగురి పేర్లే వేశారు, ఏడోవాడు ఎవరండీ?’’ అన్నాడు. ఆ అబ్బాయిని ఏమనను? ఆరు కార్ల మాట ఇంట్రోలో పెట్టి ఉంటే కత్తెర దాని జోలికి వచ్చేదే కాదు. నరేన్‌కి ఎఫ్1లో మొత్తం మీద దక్కినవి ఆ ఐదు పాయింట్లే. తర్వాతి రేసుల్లో ఆయన వెనకెక్కడో కనిపిస్తే జనం ‘ఇంతేనా’ అన్నారు. ఆ కారుకి అంతకుమించి రాదని మేం వాళ్లకి చెప్పి ఉంటే కదా!

అందుకే ముందు పక్క కారు చూడు. ఒక జట్టు కారు నడిపేది ఇద్దరే, కొలత అక్కడే దొరుకుతుంది. రెడ్‌బుల్ వాళ్ల రెండో జట్టు రేసింగ్ బుల్స్‌లో లిండ్‌బ్లాడ్‌కి జోడీ లియామ్ లాసన్. శనివారం క్వాలిఫైయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలవ్వాలో తేల్చే పోటీ) అయ్యాక నోట్‌బుక్‌లో నిలువుగా గీత కొట్టి, ఇద్దరూ తిరిగిన ఆఖరి సెషన్ టైములు చెరో పక్క రాసుకో. ఒకడి క్యూ1 (మొదటి సెషన్) టైము తెచ్చి ఇంకొకడి క్యూ2 (రెండో సెషన్) టైము పక్కన పెట్టకు, ట్రాక్ మీద రబ్బరు పడి పట్టు పెరిగేకొద్దీ టైములు మామూలుగా తగ్గుతూనే ఉంటాయి. శుక్రవారం ప్రాక్టీస్ టైములు చూసి చిందులేయకు. ఎవరి ట్యాంకులో ఎంత ఇంధనం పోశారో జట్లు బయటపెట్టవు. ఐదారు రేసులు ఇలా రాసుకుంటే కుర్రాడెంతో నీకే తెలుస్తుంది.

ఆ లాసన్ కథా ఓసారి తిరగెయ్యి. 2025లో రెడ్‌బుల్ తన పెద్ద జట్టులో సీటిచ్చింది, ఆస్ట్రేలియా, చైనా రేసులు అవగానే వెనక్కి రేసింగ్ బుల్స్‌కి పంపేసింది. పెంచిన ఇంటివాళ్ల ఓపికే రెండు రేసులు. అలాంటి రెడ్‌బుల్ వాళ్ల ప్రెస్‌నోట్‌లో లిండ్‌బ్లాడ్ మీది పొగడ్తని నువ్వు మక్కికి మక్కి దించేశావు, నాలుగో పేరా చూసుకో.

‘మరో హామిల్టన్’ అన్నది కొట్టేశాను. లూయిస్ హామిల్టన్ 2007లో, తన మొదటి సీజన్‌లో, తొలి తొమ్మిది రేసుల్లోనూ పోడియం (మొదటి ముగ్గురికి దక్కే వేదిక) ఎక్కాడు, నిజమే. కానీ కూర్చున్నది గెలిచే కారులో. పక్క కారులో రెండుసార్లు చాంపియన్ అయిన అలాన్సో. సీజన్ ముగిసేసరికి ఇద్దరికీ చెరి 109 పాయింట్లు. ఆ కుర్రాడి గొప్ప ఆ సమానంలో ఉంది. నీ కాపీలో అలాన్సో పేరే లేదు!

ఇటలీ కుర్రాడు కిమీ ఆంటొనెల్లీ అయితే నిన్నమొన్నటి సంగతి. 2024 ఆగస్టులో మోంజాలో, సొంత జనం ముందు, మొదటి ప్రాక్టీస్‌లో కాసేపటికే పారబోలికా మలుపు దగ్గర అడ్డుగోడకి కొట్టాడు. మర్నాడే మెర్సిడెస్ హామిల్టన్ సీటు అతనికి ఖరారు చేసింది. తర్వాతి ఏడాది మెల్‌బోర్న్ వానలో 16వ స్థానంలో మొదలై నాలుగో స్థానంలో ముగించాడు, కెనడాలో మూడోవాడు. యూరప్ రేసుల్లో తడబడ్డాడు, సావ్ పాలోలో మళ్లీ పుంజుకుని రెండోవాడయ్యాడు. అద్భుతం అన్న కలాలే మెర్సిడెస్ తొందరపడిందనీ రాశాయి, ఆనక మళ్లీ అద్భుతం అన్నాయి. కారెక్కేవాడు మాత్రం అదే పిల్లాడు.

పొగడొద్దని కాదురా తల్లీ. ఏ మలుపులో, ఎంత అరిగిన టైర్లతో, ఎవరిని దాటాడో చెప్పు, చదివేవాడే శభాష్ అనుకుంటాడు. ఈ ఏడాది కార్లూ ఇంజిన్లూ కొత్తవి, శక్తిలో దాదాపు సగం కరెంటుదే. పాతకాపులే తడుముకుంటారు. మొదటి రేసులో వాడు మెరిసినా మునిగినా ఆ ఒక్క రేసు గురించే రాయి.

సీజన్ మొదటిదైన మెల్‌బోర్న్ రేసు 2026 మార్చి 8న, మనకి ఆదివారం పొద్దున్నే. అత్తయ్యకి ముందే చెప్పాను, ఆ పూట నన్ను కూరగాయలకి పంపొద్దని. నోట్‌బుక్‌లో గీత కూడా కొట్టేశాను. ఈలోగా కాపీ తిరగరాసి పంపు, లాసన్ పేరు ఇంట్రోలో కనిపించాలి.

మీ మామయ్య