క్రూయిజర్ బైక్‌కు వెనక వెడల్పు టైరు వేయించవచ్చా?

వేయించవచ్చు, కానీ ఉన్న రిమ్ ఆ టైరుకు సరిపోయి, చైనుకూ స్వింగ్ ఆర్మ్‌కూ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) తగలకుండా ఖాళీ మిగిలితేనే. మామూలుగా ఒక సైజు దాటి పోకూడదు.

సన్న రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోతాయి, నడుమ గుండ్రంగా ఉబ్బుతుంది. దాంతో బండి వంగే తీరే మారిపోతుంది. టైరు ఎత్తు కూడా మారుతుంది. ఉదాహరణకు 130/90-15 అంటే వెడల్పు 130 మిల్లీమీటర్లు, రిమ్ నుంచి టైరు ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, రిమ్ 15 అంగుళాలు. కాబట్టి దాని ఎత్తు 117 మిల్లీమీటర్లు. 140/90-15 వేస్తే అది 126 అవుతుంది, అంటే చక్రం మొత్తం 18 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. మడ్‌గార్డ్‌కు రాసుకునేది ఇలాంటప్పుడే. 140/80-15 అయితే ఎత్తు 112 మాత్రమే, కాబట్టి పక్క ఖాళీ ఒక్కటీ చూసుకుంటే చాలు.

వెడల్పు పెరిగితే గ్రిప్ కూడా అంతే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. రోడ్డును తాకే భాగం ఎంతన్నది ఎక్కువగా బండి మీది బరువు, టైరులోని గాలి ఒత్తిడి మీదే ఆధారపడుతుంది. వెడల్పు ముఖ్యంగా దాని ఆకారాన్ని మారుస్తుంది. పైగా వెడల్పు టైరు మలుపులో బద్ధకంగా వంగుతుంది. తిరుమల నుంచి అలిపిరికి దిగే ఘాట్‌లో, వెనక మనిషిని ఎక్కించుకుని వరస మలుపులు తిప్పేటప్పుడు ఆ తేడా చేతులకు బాగా తెలుస్తుంది.