మైకు సెట్టు కొట్టులో కూర్చుని చూసిన తెలుగు పాట చరిత్ర

తెలుగు పాట చరిత్రలో మీరు స్వయంగా ఎరిగిన ముఖ్య ఘట్టాలు ఏవి అని అడిగారు. ఈ ప్రశ్నకు ఎవరైనా ముందుగా 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్‌లకు వచ్చిన ఆస్కార్‌ను చెబుతారు, అది సబబే. అయితే దానిని నేనూ అందరిలాగే టీవీలో చూశాను కనుక అందులో నాకు ప్రత్యేకంగా తెలిసినదేమీ లేదు. నాకు తెలిసినదంతా ఖమ్మం జిల్లా మధిరలో మా నాన్నగారు నడిపిన మైకు సెట్టు కొట్టులో నేర్చుకున్నది. పెళ్లికి, పండుగకు, చావుకు ఎవరు ఏ రికార్డు పెట్టమని అడిగారో పదేళ్ల వయసు నుంచి చూసినవాణ్ణి గనుక, పాట విడుదలైన తేదీ కన్నా, జనం దానికి తమ బతుకులో ఎక్కడ చోటిచ్చారన్నదే నాకు అసలు ఘట్టంగా తోస్తుంది.

ఆ లెక్కన మొదట చెప్పవలసినది ఘంటసాల గారి భగవద్గీత. ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిన్న రోజుల్లో, ఎంచిన శ్లోకాలను పాడుతూ, వాటి తాత్పర్యాన్ని తెలుగులో తానే చెబుతూ దానిని రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన మరణించారు, రికార్డు ఆ తరువాతే బయటికి వచ్చింది. మా కొట్టుకు అది చేరిన కొత్తలో అడిగినవాళ్లందరూ దేవాలయాలవాళ్లే. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి ముందున్న వేపచెట్టుకు హారను కట్టి దానిని పెట్టేవాళ్లం.

అది చావు జరిగిన ఇళ్లకు ఎలా చేరిందో మాత్రం నేను దగ్గరుండి చూశాను. అందుకు, పుట్టినవారికి చావు తప్పదని చెప్పే ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’ వంటి శ్లోకాలు ఉండటం ఒక కారణం. రెండో కారణం కేవలం యంత్రానికి సంబంధించినది. పాత లక్క ప్లేటు మూడు నిమిషాలకే అయిపోయేది. ప్రతిసారీ లేచి ప్లేటు తిప్పాలి, నాలుగైదు ప్లేట్లకు ఒకసారి ముల్లు మార్చాలి, లేకపోతే పాట గరగరలాడుతుంది. అందువల్ల మైకువాడు యంత్రం పక్కనుంచి కదలడానికి వీలుండేది కాదు. ఎల్.పి. రికార్డు అలా కాదు, ఒక వైపు పెడితే దాదాపు ఇరవై నిమిషాలు దాని మానాన అది తిరుగుతుంది. ఏడుస్తున్న ఇంట్లో మాటిమాటికీ లేచి ప్లేట్లు మార్చే మనిషి ఎవరికీ కనిపించనక్కరలేదు. నాన్నగారు చావింటికి అద్దె సగమే తీసుకునేవారు, ఆ గీత రికార్డును వేరే అట్టలో విడిగా పెట్టేవారు. కొన్నేళ్లు గడిచేసరికి గుడులవాళ్లు దానిని అడగడం మానేశారు. వీధిలో ఆ గొంతు వినపడగానే ‘ఎవరు పోయారు?’ అని జనం తలుపుల్లోంచి తొంగిచూసే పరిస్థితి వచ్చింది. మాయాబజార్‌కు, లవకుశకు సంగీతం కట్టిన మనిషి ఆఖరి పనికి ఇలాంటి గతి పట్టినందుకు నేను బాధపడాలో, తెలుగువాళ్లు తమ కడపటి ప్రయాణానికి ఆయన గొంతునే తోడు తెచ్చుకున్నారని సంతోషించాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

రెండోది 1980 ఫిబ్రవరి 2న విడుదలైన శంకరాభరణం. కె.వి. మహదేవన్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం ముగ్గురికీ జాతీయ పురస్కారాలు తెచ్చిన సినిమా అని అందరికీ తెలుసు, బాలు గారికి అది మొదటి జాతీయ పురస్కారం కూడా. శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోని ఆయన చేత ఆ పాటలు సాధన చేయించినవారు మహదేవన్ గారి సహాయకులు పుహళేంది. మా ఊళ్లో జరిగిన సంగతి వేరు. సన్నాయి మేళంవాళ్లు మా కొట్టుకు వచ్చి, బల్ల మీద కూర్చుని, ఆ ప్లేటును మళ్లీ మళ్లీ వేయించుకుని నేర్చుకున్నారు; పెళ్లివారు అవే అడుగుతున్నారని వాళ్ల గోల. తరతరాలుగా రాగాలు వాయించే ఇంటివాళ్లు సినిమా రికార్డు దగ్గర పాఠం చెప్పించుకోవడం నాకు ఆ వయసులో తమాషాగా ఉండేది. భజన సమాజం పెద్దాయనకు మాత్రం అది తమాషాగా లేదు. భద్రాచలం అప్పట్లో మా జిల్లాలోదే కదా, ‘పలుకే బంగారమాయెనా’ ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్న కీర్తన. దానిని ఆ సినిమాలో వాడుకున్నాక ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో కుర్రవాళ్లు సినిమాలోని పద్ధతిలో అందుకునేసరికి, ఆయన తాళాలు కింద పెట్టి ఇంటికి వెళ్లిపోయారు. సినిమా శాస్త్రీయ సంగీతాన్ని నిలబెట్టిందనే మాట నేను చాలాసార్లు విన్నాను, అందులో నిజం ఉన్నది, కానీ ఊరికొక తీరుగా ఉండిన పాటను అది ఒకే తీరుకు తెచ్చిందన్నది కూడా నిజమే.

దాదాపు ఆ కాలానికే చెందినది మా భూమి సినిమా. తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టిన ‘బండెనక బండి కట్టి’ పాటను అందులో గద్దర్ పాడారు. క్యాసెట్లు వచ్చాక అది మా కొట్టుకు చేరింది. ఒకనాడు హారను సరిగా మోగుతున్నదో లేదో చూడటానికి నేను ఆ పాట పెడితే, దారిన పోతున్న ఒక ముసలాయన ఆగి, ‘ఇది మేం గొంతు తగ్గించి పాడుకునేటోళ్లం, నువ్వు ఊరంతటికీ పెడుతున్నావా’ అని అడిగి, కోపమో సంబరమో తెలియని ముఖంతో పాట అయ్యేదాకా నిలబడ్డాడు. ఆయన తాను దళంలో ఉన్నానని చెప్పలేదు, నేనూ అడగలేదు.

క్యాసెట్టు మా వృత్తిని తలకిందులు చేసింది. మైకు సెట్టు అద్దెలు తగ్గాయి, కొట్టులో ఒక పక్క పాటలు ఎక్కించే పని మొదలుపెట్టాము. జనం కాగితం మీద పాటల జాబితా రాసుకుని వచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టుకు పన్నెండో, పదమూడో పట్టేవి. ఊరంతటికీ ఒకే పాట వినిపించే రోజులు పోయి, ఎవరి పాటలు వారి ఇంట్లో వినే రోజులు వచ్చింది అప్పుడే. ఆ జాబితాల్లో ఘంటసాల పాటలు లేనిది అరుదు, గీతను మాత్రం ఎవరూ అడిగేవారు కాదు, ఇంట్లో ఆ క్యాసెట్టు ఉండటమే అశుభమని వారి భయం.

ఒకే ఒక ముసలమ్మ అడిగింది. కొడుకు వద్దంటున్నా వినకుండా తానే వచ్చి తొంభై నిమిషాల క్యాసెట్టు బల్ల మీద పెట్టి, ‘నేను పోయాక పెడితే నాకేం వినపడుద్ది నాయనా, ఇప్పుడే వింటా, ఎక్కించు’ అన్నది. గీత పోగా మిగిలిన చోట మాయాబజార్ పాటలు ఎక్కించమన్నది.